గుర్తు లేదన్న మధ్యాహ్నం

నాకు మరపు తక్కువ. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. నాతో పనిచేసిన వాళ్ళెవరినడిగినా కాస్త విసుగ్గా ఒప్పుకుంటారు. ఎన్నో ఏళ్ళ కిందట ఒక సమావేశంలో నా ముందున్న టీ కప్పు తీసి విదేశీ అతిథి ముందు పెట్టిన మనిషి ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో ఇప్పటికీ చెప్పగలను. నేను చేసిన పనిని తెర మీద చూపిస్తూ నా పేరు వదిలేసినవాళ్ళు ముగ్గురు. ఎవరు, ఎప్పుడు, ఏ గదిలో అన్నదంతా నా నోటు పుస్తకంలో ఉంది. మా ఆవిడ దాన్ని 'ఏడుపుల పుస్తకం' అంటుంది. అన్నదని అది కూడా అందులో రాసుకున్నాను.

రసాయనశాస్త్రం చదివి ల్యాబుల్లోకి కొత్తగా వస్తున్న మీకు ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. ఇలాంటి మనిషినైన నేను ఒక మధ్యాహ్నం నలుగురి ముందు 'నాకు గుర్తు లేదు' అన్నాను. ఆ మాట వల్ల ఒక మనిషి చేతిలోని పని పోయింది.

మా సంస్థ సైబరాబాద్‌లో ఒక అద్దాల భవనంలో రెండంతస్తుల్లో ఉండేది. పైనా కిందా సాఫ్ట్‌వేర్ వాళ్ళు. లిఫ్టులో మా ల్యాబు కోట్ల వాసనకి ముక్కు తిప్పుకుని, ఏ అంతస్తులో దిగుతామా అని ఎదురుచూసేవాళ్ళు. అలాంటి భవనంలో హైడ్రోజన్ సిలిండర్లు పేర్చుకోనివ్వరు. అందుకే మా పనంతా సన్నటి గొట్టాల్లో జరిగేది. పాత పద్ధతిలో అయితే పెద్ద ఉక్కు పాత్రలో ద్రావణం పోసి, పల్లాడియం అనే లోహం అంటించిన బొగ్గుపొడి కలిపి, హైడ్రోజన్ నింపి గంటల తరబడి కలియదిప్పాలి. ఆ తర్వాత ఆ పొడిని వడగట్టడం మరో గండం. కాస్త ఆరితే చాలు, నిప్పంటుకుంటుంది. మా గొట్టంలో పొడి ఉండదు. గొట్టం లోపలి గోడకే పల్లాడియం పూత వేసి ఉంటుంది. ఒక చివర నుంచి ద్రావణం, కొద్దికొద్దిగా హైడ్రోజన్ కలిసి వెళ్తాయి. గోడను తాకుతూ పోతుండగానే చర్య జరిగిపోతుంది. లోపలికి వెళ్ళేది పసుపుపచ్చగా ఉంటుంది, బయటికి వచ్చేది నీళ్ళలా తేటగా ఉంటుంది. రంగు పోయిందంటే పని జరిగినట్టు. మొదటిసారి చూసినవాళ్ళు నోరు తెరిచేవాళ్ళు.

ఆ పూత వెయ్యడం నా విద్య. గొట్టం లోపలంతా కడిగి, పూత ద్రావణం ఎక్కించి, కాల్చి, మళ్ళీ ఎక్కించి, మళ్ళీ కాల్చి, ఒక గొట్టం పనికి రావాలంటే ఆరు వారాలు పట్టేది. నా పిల్లల పెళ్ళిళ్ళ ఏర్పాట్లకి కూడా నేనంత ఓపిక పట్టలేదు.

యంత్రాన్ని నడిపేది ఒకావిడ. ముప్పై ఆరేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. సొంత ఊరు పుప్పాలగూడ. "మా మక్కచేను మీద ఇప్పుడు ముప్పై అంతస్తులున్నయ్ సార్. మేము దాని ఎనక గల్లీల కిరాయికున్నం" అని నవ్వుతూ చెప్పేది. ఆరేళ్ళుగా కాంట్రాక్టు మీదే ఉంది. పర్మనెంట్ చెయ్యమని పంపిన కాగితం ఆ ఏడాది చివరి సంతకం దాకా వెళ్ళింది. పంపు చప్పుడు విని ఒత్తిడి ఎంతుందో చెప్పగలిగేది. పొద్దున్నే యంత్రం సరిగ్గా అందుకుంటే "ఇయ్యాల అలగలే సార్" అని కబురు చెప్పేది. పని అయ్యాక గొట్టాన్ని శుభ్రమైన ద్రావకంతో అరగంట కడగాలి. కడిగినట్టు లాగ్ పుస్తకంలో సంతకం పెట్టాలి. ఆరేళ్ళలో ఆమె ఒక్క రోజు కూడా కడగకుండా ఇంటికెళ్ళడం నేను చూడలేదు. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి. ఆ రోజు నా నోటి నుంచి రావలసింది ఇదే.

అసలు సంగతికి వస్తాను. ద్రావకం సీసా నుంచి పంపుకి వెళ్ళే తెల్లటి టెఫ్లాన్ గొట్టం ఒక సోమవారం చిట్లింది. మూరెడు ముక్క చాలు. స్టోర్స్‌కి వెళ్ళి సామాను కోరే ఇండెంట్ చీటీ మీద సంతకం పెట్టి ఇచ్చాను. స్టోర్స్ చూసే ఆయన కంప్యూటర్ వంక, నా వంక మార్చి మార్చి చూశాడు.

"మీ పేరు లిస్టుల లేదు సార్."

"ఏ లిస్టు?"

"సంతకం పెట్టేటోళ్ళ లిస్టు. పోయిన వారం కొత్తది వచ్చింది. ఇగ హెడ్ సారే పెట్టాలె."

ఆ ఇండెంట్ పుస్తకం ఎలా ఉండాలో మొదట రాసిచ్చింది నేను. నా పేరు తీసేసినట్టు నాకు మాటమాత్రమైనా చెప్పలేదు. మా హెడ్ నాకంటే పదిహేనేళ్ళు చిన్న. ఆ రోజు బెంగుళూరులో ఉన్నాడు. ఫోన్ చేసి అడగొచ్చు. అడగాలంటే అభిమానం అడ్డొచ్చింది. నా ముఖం చూసి స్టోర్స్ ఆయనకి జాలేసినట్టుంది.

"గీ నల్ల రబ్బరు ట్యూబు ఉన్నది, కావాల్నా? చిట్టీ గిట్టీ ఏమద్దు. రెండు రోజులకు నడుస్తది. ఫికర్ జెయ్యకుండ్రి."

రబ్బరు మా ద్రావకంలో నానితే ఉబ్బుతుందని నాకు తెలుసు. తెలిసే తీసుకున్నాను. ఇది ఒప్పుకోవడానికే నాకు ఎక్కువ సిగ్గు. పొరపాటున కాదు, పంతంతో తీసుకున్నాను. ఒకటి రెండు రోజుల్లో అది ఉబ్బి, కారి, బల్లంతా తడుస్తుంది. హెడ్ వచ్చి ఇదేమిటని అడుగుతాడు. అప్పుడు 'నా సంతకం పనికిరాదన్నారు కదా, సంతకం లేకుండా దొరికే గొట్టం ఇదే' అంటాను. ఆ మాటలు కూడా కూర్చి పెట్టుకున్నాను. నా చేత్తోనే ఆ గొట్టం బిగించాను. ఆ సాయంత్రం ఏడుపుల పుస్తకంలో ఒక పేజీ నిండా రాశాను.

అది కారలేదు. కాస్త ఉబ్బింది, అంతే. బుద్ధిగా పనిచేసింది.

మూడో రోజు ఆవిడ అడిగింది.

"సార్, ఈ నల్ల ట్యూబు ఏంది? జర వాసనొస్తున్నది."

"నువ్వు చూడాల్సింది ఒత్తిడి, వేడి. గొట్టాల రంగు కాదు."

"గట్ల కాదు సార్, ఎప్పుడు లేంది..."

"నీ పని నువ్వు చూసుకోమ్మా."

చూసుకుంది. కొత్తది ఏం కనిపించినా రాయమని మేమే నేర్పాం. అందుకని ఆ రోజు లాగ్ పుస్తకంలో రిమార్కుల గడిలో 'నల్ల ట్యూబు, రబ్బరు వాసన' అని రాసింది. సాయంత్రం పేజీ మీద నా తనిఖీ సంతకం పెట్టడానికి వెళ్ళి అది చూశాను. నాణ్యత తనిఖీ చేసే క్వాలిటీ వాళ్ళ కంట పడితే ఎవరు పెట్టారని అడుగుతారు. నేను కోరుకున్నది బల్ల తడవడం, హెడ్ ముఖం మాడడం. నా పేరు విచారణలో రావడం కాదు.

"రిమార్కుల గడి కథలు రాసుకోవడానికి కాదు. కొట్టెయ్" అన్నాను.

మా వృత్తిలో రబ్బరుతో చెరపడం, తెల్లరంగు పూయడం నేరం. తప్పు పడితే ఒకే ఒక్క గీత గీయాలి, కింద అక్షరాలు చదవడానికి వీలుగా. పక్కన పొడి సంతకం, తేదీ, కారణం రాయాలి. దిద్దుబాటు కూడా పదిమందికీ కనబడాలన్నది నియమం. ఆమె నియమం ప్రకారమే గీత గీసింది. కారణం ఏం రాయాలని అడిగింది. 'పొరపాటు నమోదు' అని నేనే చెప్పాను. రాసి, ఒక్క క్షణం కలం అలాగే పట్టుకుని, సంతకం చేసింది. పేజీ కింద నేను సంతకం చేశాను.

తొమ్మిదో రోజు, స్టోర్స్ పంపిన కాగితం మీద హెడ్ సంతకం పడి తెల్ల గొట్టం వచ్చింది. రబ్బరు ముక్క తీసి చెత్తబుట్టలో వేశాను. పదకొండో రోజు పొద్దున్న ఆవిడ నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో సీసా ఉంది.

"సార్, పచ్చగొస్తున్నది."

అటు చివర తేటగా రావలసినది లేత పసుపుగా ఉంది. మధ్యాహ్నానికి ఇంకాస్త చిక్కబడింది. రెండు రోజుల్లో లోపలికి వెళ్ళిన రంగే బయటికి వచ్చింది. ఆరు వారాల పూత చచ్చిపోయింది. సరిగ్గా మరుసటి వారం ఆ గొట్టం ఆగకుండా నాలుగు రోజులు పనిచెయ్యడం చూడ్డానికి విదేశం నుంచి మనుషులు రావాలి.

ఏం జరిగిందో నాకు వెంటనే తట్టలేదు. తట్టనివ్వలేదేమో కూడా. మర్నాడు నిజాంపేట నుంచి వస్తుంటే బస్సు ఒక పంక్చర్ షాపు ముందు ఆగింది. ట్యూబు మీద ముక్క పెట్టి కాల్చి అతికిస్తున్నారు. ఆ వాసన కిటికీలోంచి వచ్చి ముఖానికి కొట్టింది. రబ్బరు గట్టిపడడానికి గంధకం కలుపుతారు. పల్లాడియంకి గంధకం విషం. ఈ రెండు ముక్కలూ నేను పాతికేళ్ళుగా కొత్తవాళ్ళకి పాఠం చెబుతున్నవే. తొమ్మిది రోజులపాటు మా ద్రావకం ఆ రబ్బరులోంచి గంధకాన్ని కొంచెం కొంచెంగా కడిగి తీసుకెళ్ళి నా పూత మీద పరిచింది. బస్సులో పక్కనున్నాయన "ఏమండీ, ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. బాగానే ఉందన్నాను.

ఆ రోజే మధ్యాహ్నం సమావేశం. హెడ్, క్వాలిటీ విభాగం నుంచి ఒకావిడ, యంత్రం నడిపే ఆవిడ, నేను. కడగడం సరిగ్గా జరగక గొట్టం పూడుకుపోయిందేమో అన్నది అప్పటికి అందరి అనుమానం. హెడ్ లాగ్ పుస్తకం తిరగేస్తున్నాడు. ఆయనది కోస్తా వైపు, కోపం వచ్చినా 'అండి' వదలడు.

"కడిగినట్టు రోజూ సంతకాలున్నాయి. కానీ ఇక్కడ కొట్టివేత ఉందండీ. 'నల్ల ట్యూబు, రబ్బరు వాసన' అని రాసి పొరపాటు నమోదు అని కొట్టేశారు. ఏంటమ్మా ఇది?"

"సీసా కాడికెళ్ళి పంపుకు నల్ల ట్యూబు ఉండె సార్. వాసనొచ్చింది, రాసిన."

"మరి ఎందుకు కొట్టేశావు?"

ఆమె నా వంక చూసింది. ఫిర్యాదుగా కాదు. నేను మాట్లాడతానని చూసింది. నేను బల్ల మీదున్న నీళ్ళ సీసా మూత బిగిస్తున్నాను.

"సారే కొట్టెయ్యమన్నరు."

"ట్యూబు ఎవరు పెట్టారు?"

"సారే పెట్టిండ్రు."

"ఏమండీ సార్?" అన్నాడు హెడ్.

నిజం చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? మూడు మాటలు. 'అవునండీ, నేనే పెట్టాను.' ఆ మూడు మాటల వెనకాల నాకు కనిపించింది ఆయన ముఖం. ఆ ముఖం ముందు, అందులోనూ సంతకాల జాబితాలోంచి నా పేరు తీసేసిన మనిషి ముందు, నేను తప్పు చేసినవాడిగా నిలబడాలి. రిటైర్మెంట్ నాలుగు నెలల్లో ఉంది.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

"గుర్తు లేకపోవుడేంది సార్?" ఆమె గొంతు కాస్త లేచింది. "తొమ్మిది రోజులుండె గద. నేనడిగితే నీ పని నువ్వు చూస్కో అంటిరి."

"రోజుకి వంద పనులుంటాయమ్మా. ఏ గొట్టం ఎప్పుడు మార్చామో అన్నీ గుర్తుంటాయా?"

అప్పుడు హెడ్ చిన్నగా నవ్వాడు.

"అమ్మా, మన సార్‌కి పదేళ్ళ కింద క్యాంటీన్‌లో ఎవరు పలకరించలేదో కూడా గుర్తుంటుంది. ఆయనకే గుర్తు లేదంటే అది జరగనట్టే."

క్వాలిటీ ఆవిడ కూడా నవ్వింది. మామూలుగా అయితే ఆ ఎగతాళికి నేను భగ్గుమనేవాణ్ణి. పుస్తకంలో రెండు పేజీలు పట్టే ఎగతాళి అది. ఆ రోజు దాన్ని గొడుగులా పట్టుకుని దాని కింద నిలబడ్డాను. నా జ్ఞాపకశక్తికి ఉన్న పేరే ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది. నవ్వుతున్న ఇద్దరినీ, మూత బిగిస్తున్న నన్నూ చూసి, ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

బయటికొస్తే స్టోర్స్ ఆయన కాఫీ మిషన్ దగ్గర పక్కకొచ్చి నిలబడ్డాడు. "గా ట్యూబు సంగతి నేనైతే ఎవ్వలకు చెప్పలే సార్. ఇద్దరం సేఫ్" అన్నాడు మెల్లిగా. ఆయన మీద నాకు అసహ్యం వేసింది. నా మీద వెయ్యడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆమె పర్మనెంట్ కాగితం వెనక్కి వచ్చింది. నెలాఖరుకి కాంట్రాక్టు ఆపేశారు. ఇచ్చిన సర్వీసు లెటర్‌లో 'రికార్డుల నమోదులో విశ్వసనీయత లోపం' అని ఒక వాక్యం పెట్టారు. బయటివాళ్ళకి అది చిన్న మాటలా అనిపించొచ్చు. మందుల పరిశ్రమలో పనిచేసేవాళ్ళకి తెలుసు. దొంగతనం చేశాడన్నా ఎక్కడో ఒకచోట తీసుకుంటారేమో గానీ, రికార్డు మార్చాడంటే ఏ ల్యాబూ గుమ్మం తొక్కనివ్వదు.

చివరి రోజు ఆమె కోటు మడిచి బల్ల మీద పెట్టి, నన్ను పిలిచి యంత్రం చూపించింది.

"ఈ రెండో వాల్వు జర గట్టిగ తిప్పాలె సార్. కొత్తోళ్ళకు చెప్పుండ్రి, లేకుంటే పరేషాన్ అయితరు."

సరే అన్నాను.

ఆ తర్వాత గొట్టాన్ని కోసి పరీక్షిస్తే గంధకం కనబడింది. 'మూలం తెలియలేదు, నిర్వహణ లోపం కావచ్చు' అని నివేదికలో రాశారు. చదివి సంతకం పెట్టాను. రిటైరైన రోజు శాలువా కప్పినప్పుడు ఫోటో తీసేవాడు నా తల సగం కోసేశాడు. అది మాత్రం ఆ సాయంత్రమే పుస్తకంలో ఎక్కించాను. నేను ఎలాంటి మనిషినో మీకు అర్థం కావడానికి చెబుతున్నాను.

ఏడాది దాటాక ఒక ఫోన్ వచ్చింది. వేరే సంస్థ నుంచి. ఆమె దరఖాస్తులో పాత సూపర్‌వైజర్‌గా నా పేరు రాసిందట. పని ఎలా చేసేదని అడిగారు. బాగా చేసేదన్నాను. "సర్వీసు లెటర్‌లో ఒక వ్యాఖ్య ఉంది సార్. రికార్డుల విషయంలో ఆమెను నమ్మొచ్చా?" అన్నారు.

రెండో అవకాశం అందరికీ రాదు. నాకు ఇంట్లో సోఫాలో కూర్చుని ఉండగా వచ్చింది. ఎదురుగా హెడ్ లేడు, క్వాలిటీ ఆవిడ లేదు, పోయేదేమీ లేదు. అయినా నా నోరు ఏమందో తెలుసా? "దాని గురించి కంపెనీనే అడగండి." అవతలి మనిషి అర్థమైందన్నట్టు థాంక్యూ చెప్పి పెట్టేశాడు.

మొదటిసారి భయపడ్డానని సర్దిచెప్పుకున్నాను. ఈసారి ఏ సాకూ దొరకలేదు. మూడు రోజులు అన్నం సయించలేదు. చివరికి ఒక ఉత్తరం రాసుకుని, ఆమె ఎక్కడుందో పాత సహోద్యోగిని అడిగి తెలుసుకుని లింగంపల్లి వెళ్ళాను.

ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో కౌంటర్ వెనక కూర్చుని టోకెన్లు రాస్తోంది. నన్ను చూసి లేవలేదు. "కూసోండ్రి సార్, భోజనం టైములొస్త" అంది. రోగుల మధ్య గంటన్నర కూర్చున్నాను. వచ్చి పక్క కుర్చీలో కూర్చుని మొదట అడిగింది ఒకటే.

"నిజంగ గుర్తు లేకుండెనా సార్?"

"గుర్తుంది" అన్నాను.

తల ఊపింది. తిడుతుందని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు. "మరి ఇప్పుడెందుకొచ్చిండ్రు?" అంది. ఉత్తరం చేతికిచ్చాను. కంపెనీకి పంపబోతున్నానని, ముందు తను చూడాలని చెప్పాను. మూడు పేజీలు. లాగ్ పుస్తకం చదివినట్టు వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదివింది. చదివి మళ్ళీ మొదటికి వచ్చింది.

"సార్, ఇందుల నేనేడున్న?"

"మూడో పేజీలో..."

"రెండు పేజీలు స్టోర్స్ ముచ్చట, మీ సంతకం తీసేసిన ముచ్చట. మిమ్మల్ని వాళ్ళెట్ల అవమానించిండ్రో రాసిండ్రు. నా ముచ్చట నాలుగు లైన్లు. ఇది మాఫీ కాయిదమా, మీ కంప్లైంటా?"

నేను తిరిగి చదువుకున్నాను. నిజమే. నా తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని కూడా ఎదుటివాళ్ళ తప్పులే రాశాను. నాకు తెలియకుండానే. కాగితాలు ఆమెకి తిరిగి ఇచ్చాను.

ఆమె జేబులోంచి పెన్ను తీసింది. మొదటి రెండు పేజీలకీ అడ్డంగా ఒక్కొక్క గీత గీసింది. "గీ నాలుగు లైన్లే పంపుండ్రి. పర్మనెంట్ గిర్మనెంట్ నాకద్దు. ఆ లెటర్ల రాసిన మాట తీయించుండ్రి. నాకు మళ్ళ ల్యాబుల పని చెయ్యాలనున్నది. ఈడ టోకెన్లు రాసుకుంట ఎన్నేండ్లుండాలె?"

నాలుగు వరుసలు పంపాను. జవాబు రాలేదు. మళ్ళీ పంపాను. ఆఖరికి నేనే వెళ్ళాను. నాతో పనిచేసిన సెక్యూరిటీ గార్డు నన్ను గుర్తుపట్టక ఇరవై నిమిషాలు కూర్చోబెట్టాడు. (రాయకూడదనుకున్నాను, రాసేశాను.)

హెడ్ మర్యాదగానే కూర్చోబెట్టాడు. "ఇప్పుడెందుకండీ సార్ ఇదంతా? అయిపోయింది కదా. పైగా ఆధారం ఏముంది? ఇప్పుడు మీరు జాలిపడి చెబుతున్నారని క్వాలిటీ వాళ్ళంటారు."

ఆధారం నా సంచిలో ఉంది. ఏడుపుల పుస్తకం. ఆ సోమవారం పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. 'నల్ల రబ్బరు గొట్టం నేనే బిగించాను. కారనీ. అప్పుడు తెలుస్తుంది' అని నా చేతిరాతతో, తేదీతో ఉంది. చిక్కేమిటంటే ఆ పేజీలో మిగతా సగం నిండా ఆయన గురించే ఉంది. ఆయన చదువు గురించి, ఆయన ఇంగ్లీషు గురించి, ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టిన వాళ్ళ గురించి. ఆయన అంతా చదివాడు. పేజీ తిప్పబోయి ఆగి, నా వంక చూశాడు.

"ఇవన్నీ ఇలాగే ఉంటాయాండీ?"

"అన్నీ" అన్నాను.

ఆయన లేచి తనే వెళ్ళి ఆ పేజీ జిరాక్సు తీయించాడు. పుస్తకం తిరిగి ఇస్తూ, "నన్ను ఒక్కసారి అడిగితే ఆ జాబితాలో మీ పేరు మళ్ళీ పెట్టించేవాణ్ణి సార్. అది ఐటీ వాళ్ళ పొరపాటు" అన్నాడు. ఆ మాట వింటూ నేను కూర్చున్న తీరు ఇక్కడ వర్ణించలేను.

నెల తర్వాత కొత్త లెటర్ వచ్చింది. పాత వ్యాఖ్య ఉపసంహరించుకుంటున్నామని ఉంది. ఏదో సాధించినవాడిలా లింగంపల్లి వెళ్ళాను. ఆమె చదివి నాకే తిరిగి ఇచ్చింది.

"ఉపసంహరించుకున్నరు సరే. నేను తప్పు జెయ్యలేదని ఏడ రాసిండ్రు?"

"అది... అదే అర్థం వస్తుంది కదమ్మా."

"అర్థమొచ్చుడు వేరే, రాసుడు వేరే. మీరే గద నేర్పింది, రాయంది జరగనట్టే అని."

మళ్ళీ వెళ్ళాను. ఈసారి హెడ్ విసుక్కున్నాడు, క్వాలిటీ ఆవిడ ఇంకా విసుక్కుంది. ముప్పై ఏళ్ళుగా నా కుర్చీ కోసం, నా పేరు కోసం ఎంత మొండిగా తిరిగానో అంత మొండిగా తిరిగాను. అది తప్ప నాకు వేరే పద్ధతి రాదు. రెండు నెలలకి మరో లెటర్ ఇచ్చారు. 'ఆ సంఘటనకు ఈ ఉద్యోగిని బాధ్యురాలు కాదు. లాగ్ పుస్తకంలో ఆమె చేసిన తొలి నమోదు సరైనది. కొట్టివేత సూపర్‌వైజర్ ఆదేశంపై జరిగింది.'

ఈసారి ఆమె రైల్వే స్టేషన్ దగ్గరికి రమ్మంది. వేరే చోట ఇంటర్వ్యూకి వెళ్తోంది. మెట్ల పక్కన నీడలో నిలబడి కాగితం చదివింది. రెండోసారి చదివింది. మడిచి ప్లాస్టిక్ కవర్లో, సర్టిఫికెట్ల మధ్య పెట్టుకుంది.

"ఇది సరిపోతది" అంది.

దారి పొడుగునా నేను ఒక మాట సిద్ధం చేసుకుంటూ వచ్చాను. క్షమించమ్మా అని. ముందు ఏం చెప్పాలి, తర్వాత ఏం చెప్పాలి అని కూడా వరుస పెట్టుకున్నాను. నోరు తెరిచేలోపు రైలు వస్తున్నట్టు ప్రకటన మొదలైంది. ఆమె సంచి భుజానికి వేసుకుంది.

"ఇగ మీరు పోండ్రి సార్. ఎండ ఎక్కువున్నది" అంది.

మామూలు గొంతుతోనే అంది. పెద్దవాణ్ణి ఎండలో నిలబెట్టకూడదనే అంది. మెట్లెక్కి వెళ్ళిపోయింది. సిద్ధం చేసుకున్న మాట నాలోనే ఉండిపోయింది. ఆమె ఉద్యోగంలో చేరిందని తర్వాత ఎవరో చెప్పారు. నాకు ఫోన్ చెయ్యలేదు. చెయ్యాల్సిన పనీ లేదు. క్షమించమని నేను ఈ రోజుకీ ఆమెను అడగలేదు.